ఎన్నికలతో మా క్రికెట్ టీమ్ రెండుగా చీలింది. ఆటగాళ్ళకు రాజకీయాలు ఎందుకు? మా స్నేహాలు మళ్ళీ కలుస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో ఉంటున్నారు. శని, ఆదివారాల్లో ఆడే మీ తెలుగు క్రికెట్ టీమ్ 2024 నవంబర్ అధ్యక్ష ఎన్నికల తర్వాత రెండు ముక్కలైంది. ఒకాయన ట్రంప్ టోపీ పెట్టుకున్న ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఇంకొకాయన ఘాటుగా బదులిచ్చి గ్రూపు వదిలేశారు. ఇంజనీరింగ్ రోజుల నుంచి మీతో ఉన్న స్నేహితుడు ఏడాది దాటినా మాట్లాడడం లేదు. మీ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు నిక్ బోసా జెర్సీ తీసి అటకెక్కించాడు. ఆటగాళ్ళు రాజకీయాల జోలికి ఎందుకు వెళ్తారని, మీ స్నేహాలు మళ్ళీ అతుకుతాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. టీమును నిలబెట్టుకోవచ్చు. దానికి కావాల్సింది అందరి అభిప్రాయం ఒకటి కావడం కాదు, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ మాట్లాడకూడదో ముందే ఒప్పుకోవడం. మీ స్నేహితుడి సంగతి వేరు. ఆయన అలగడానికి కారణం ఎవరికి ఓటేశారన్నది అయ్యుండదు. ఆ వారంలో ఎవరో అన్న మాటో, పెట్టిన ఫార్వర్డో నేరుగా ఆయన బతుకుకే తగిలి ఉంటుంది. అది ఏమిటో తెలుసుకోకుండా రాజీకి వెళ్తే పని జరగదు.

నేను ఒహాయోలో చాలా కాలంగా ఉంటున్నాను. సిటిజన్‌షిప్ వచ్చాక పోలింగ్ రోజున బూత్‌లో పనిచేయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఒక క్రికెట్ టీమ్ కూడా నడుపుతున్నాను. ఈ రెండు పనుల్లో చూసినదాన్ని బట్టే రాస్తున్నాను.

ముందు బూత్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నా సలహా అంతా అక్కడి నుంచే వచ్చింది. ఒహాయోలో బూత్ సిబ్బందిలో సగానికి మించి ఒకే పార్టీ వాళ్ళు ఉండకూడదు. లోపలికి రాలేని వృద్ధులు కారులోనే ఓటేస్తామంటే, బ్యాలెట్ పట్టుకుని బయటికి ఇద్దరు వెళ్తారు, చెరో పార్టీ నుంచి ఒకరు. రాత్రి 7:30కి పోలింగ్ ముగిశాక ఓట్లను ఎన్నికల బోర్డు ఆఫీసుకు చేర్చేది కూడా అలాంటి జంటే. ఉదయం 6:30కి తలుపు తెరిచేలోపే అంతా సిద్ధం చేయాలి కాబట్టి మేం చీకటితోనే చేరుకుంటాం. అప్పటి నుంచి రాత్రి దాకా ఒకరి పక్కన ఒకరం. 2020లో, 2024లో కూడా నాతో కూర్చున్నవాళ్ళలో నా ఆలోచనకు పూర్తిగా వ్యతిరేకులు ఉన్నారు. గొడవ రాలేదు. కారణం మేం మంచివాళ్ళమని కాదు. చేతిలో పని ఉంది, ఆ పనికి నియమం ఉంది. ద్వారానికి వంద అడుగుల దూరంలో రెండు చిన్న జెండాలు పాతుతాం. ఆ గీత దాటి లోపలికి ఎవరూ ప్రచారం తీసుకురాకూడదు. టోపీ అయినా, టీషర్టు అయినా, బ్యాడ్జీ అయినా తీసేయమనో కప్పుకోమనో చెబుతాం. నాకు తెలిసి గీత ఇవతల నోరు మూయించినట్టు బాధపడినవాళ్ళు చాలా తక్కువ. గీత అవతల వాళ్ళ ఇష్టం అని అందరికీ తెలుసు.

మీ వాట్సాప్ గ్రూపులో ఆ గీత లేదు. అసలు సమస్య అక్కడ ఉంది.

ఈ ఎన్నిక ఇంతగా ఎందుకు చీలుస్తుంది? ఇక్కడి పద్ధతే మనుషుల్ని రెండు గుంపులుగా నిలబెడుతుంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ, అంటే అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లన్నీ, గెలిచినవారికే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడింటిలో కలిపి 80 వేల ఓట్లు కూడా లేని తేడా ఫలితాన్ని తేల్చింది. 2024లో ట్రంప్‌కు 312, కమలా హారిస్‌కు 226 ఎలక్టోరల్ ఓట్లు. అంకెలు చూస్తే ప్రభంజనంలా కనిపిస్తుంది, కానీ దేశవ్యాప్తంగా వచ్చిన ఓట్లలో తేడా ఒకటిన్నర శాతమే. గెలిచినవాళ్ళు దేశమంతా మాతోనే ఉందనుకుంటారు, ఓడినవాళ్ళు సగం దేశం మాతో ఉందనుకుంటారు. రెండు వాదనలకూ చేతిలో లెక్కలుంటాయి. ఇక మాట తగ్గేదెలా?

దీనికి తోడు పార్టీ అన్నది మనిషి గుర్తింపులో భాగమైపోయింది. ఎదుటి పార్టీ వాళ్ళ ఇంటికి పిల్లనిచ్చినా, తెచ్చుకున్నా బాధపడతామని 1960లో అమెరికన్లలో నూటికి నలుగురైదుగురు చెప్పారు. 2010 నాటికి డెమొక్రాట్లలో మూడో వంతు, రిపబ్లికన్లలో సగం మంది అదే మాట అన్నారు. 2016 ఎన్నికల తర్వాత వచ్చిన థాంక్స్‌గివింగ్ (నవంబర్‌లో కుటుంబాలు కలిసే పండగ) విందులను ఫోన్ల లొకేషన్ డేటాతో పరిశీలిస్తే, రెండు పార్టీల ప్రాంతాల వాళ్ళు కలిసి కూర్చున్న విందులు మిగతావాటికంటే అరగంట నుంచి 50 నిమిషాల దాకా ముందే ముగిశాయని తేలింది. కన్నవాళ్ళూ తోబుట్టువుల మధ్యే ఇలా ఉంటే, మీ టీమ్ గురించి మరీ కుమిలిపోనక్కర్లేదు.

మన తెలుగువాళ్ళలో మాత్రం ఇంకో చీలిక ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నా దృష్టిలో అదే ముఖ్యం. మన టీముల్లో చాలామందికి ఓటే లేదు. ఒకరు సిటిజన్, ఒకరిది గ్రీన్ కార్డ్, నలుగురు హెచ్-1బీ, ఒకరిద్దరు చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు. సిటిజన్‌కు ఇది పన్నుల గురించో, స్కూళ్ళ గురించో, సరిహద్దు గురించో ఉన్న అభిప్రాయం. వీసా మీద ఉన్నవాళ్ళకు ఇది ఇంటి లోను, పిల్లల చదువు, ఊరెళ్ళి వస్తే మళ్ళీ రానిస్తారా అన్న టెన్షన్. ప్రమాణ స్వీకారం రోజునే, 2025 జనవరి 20న, తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం వర్తించదంటూ ఉత్తర్వు వచ్చింది, కోర్టులు అడ్డుకున్నాయి. సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఆ వారాంతం మన గ్రూపుల్లో విమాన టికెట్ల గురించి ఎంత కంగారు నడిచిందో మీరూ చూసే ఉంటారు.

మరో పక్క, ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా గెలిచిన జేడీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి వాన్స్ పేరు వినగానే మనవాళ్ళు చాలామంది పొంగిపోయారు. ఆమె పూర్వీకుల ఊరైన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో జనం పూజలు చేశారు. అప్పటి మన ఒహాయో సెనేటర్ భార్య, మన తెలుగింటి అమ్మాయి అన్న గర్వంలో తప్పేమీ లేదు. కానీ అదే వారం, అదే గ్రూపులో, ప్రసవానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న హెచ్-1బీ దంపతులు ఉంటే ఆ సంబరాల ఫోటోలు వాళ్ళకు ఎలా కనిపించి ఉంటాయో ఆలోచించండి. ఇద్దరూ నిజాయితీగానే ఉన్నారు. ఒకరి పండగ ఒకరికి గుండెదడ అయింది.

మా టీములో అచ్చంగా ఇదే జరిగింది. ఒక సీనియర్ ఆటగాడు, సిటిజన్, 2024 డిసెంబర్‌లో హెచ్-1బీ మీద ఆన్‌లైన్ రగడ నడుస్తున్నప్పుడు "కన్సల్టెన్సీల వల్లే అందరికీ చెడ్డపేరు" అనే ఫార్వర్డ్ గ్రూపులో వేశారు. ఆయన దృష్టిలో అది మోసం చేసే కంపెనీల మీద విమర్శ. మా వికెట్ కీపర్ వచ్చింది అలా వీసా ఇప్పించి వేరే కంపెనీల్లో పనికి పెట్టే కన్సల్టెన్సీ ద్వారానే. పేరు పెట్టి తిట్టినట్టే అనిపించింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి ట్రంప్ మంచివాడా కాదా అని తేల్చబోతే తెల్లారిపోయేది. నేను విడివిడిగా ఒక్కొక్కరితో మాట్లాడాను. పెద్దాయనతో, "అన్నా, ఆ మాట చదివినప్పుడు గ్రూపులో ఎవరెవరు ఉన్నారో ఒకసారి తలుచుకోండి" అన్నాను. కీపర్‌తో, ఆయన నీ గురించి అనలేదని వాదించలేదు. నీకు ఎక్కడ తగిలిందో చెప్పమని అడిగాను, చెప్పనిచ్చాను. పెద్దాయన ఫోన్ చేసి, తన రాజకీయాల గురించి ఒక్క ముక్క కూడా మార్చుకోకుండానే, ఆ ఫార్వర్డ్ గురించి క్షమించమన్నారు. ఇద్దరూ ఇప్పటికీ ఆడుతున్నారు. ఒకరింటికి ఒకరు వెళ్ళడం మాత్రం మునుపటిలా లేదు. ఇంకో కుర్రాడు ఆ గొడవలో పూర్తిగా విసిగిపోయి వేరే టీముకు వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. అందరూ తిరిగి వస్తారని మీకు మాటివ్వలేను.

ఇక ఆటగాళ్ళ సంగతి. ఇది కొత్తగా పుట్టిన జబ్బు అని చాలామంది అనుకుంటారు. మన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ముద్దుబిడ్డ జెస్సీ ఓవెన్స్ 1936లో బెర్లిన్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచి వచ్చి, అదే ఏడాది రూజ్‌వెల్ట్‌కు వ్యతిరేకంగా రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ తరఫున ప్రచారం చేశారు. బేస్‌బాల్‌లో జాతి వివక్ష గోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్ 1960లో నిక్సన్‌ను సమర్థించి, 1968లో ఆయన ప్రత్యర్థి హంఫ్రీ వైపు వచ్చారు. వాళ్ళూ పౌరులే, వాళ్ళకూ పన్నులు, పిల్లలు, అవమానాలు ఉన్నాయి. ఆటగాడు నోరు మూసుకుని ఆడాలన్న మాటను నేను ఒప్పుకోను.

అయితే వాళ్ళు చెబితే ఓట్లు పడతాయా అంటే, ఒహాయోలోనే జవాబు ఉంది. 2016 జూన్‌లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్‌కు బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చారు. ఊరు ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది. అదే లెబ్రాన్ నవంబర్ 6న అదే క్లీవ్‌లాండ్‌లో హిల్లరీతో వేదికెక్కారు. రెండు రోజుల తర్వాత ఒహాయోను ట్రంప్ 8 శాతం పైచిలుకు తేడాతో గెలిచారు. జనం లెబ్రాన్‌ను ప్రేమించడం మానలేదు, ఓటు మాత్రం తమకు నచ్చినవాళ్ళకే వేసుకున్నారు. మీ టీములో ఎవరి పోస్టు చూసీ ఎవరూ ఓటు మార్చుకోరని కూడా దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పని జరిగిన సందర్భం ఒకటుంది, కానీ దాని తీరు వేరు. 2020లో అట్లాంటా డ్రీమ్ అనే మహిళల బాస్కెట్‌బాల్ టీముకు సహ యజమాని, జార్జియా సెనేటర్ కెల్లీ లోఫ్లర్. నల్లజాతీయుల ప్రాణాల కోసం ఆటగాళ్ళు చేస్తున్న ఉద్యమాన్ని ఆమె బహిరంగంగా వ్యతిరేకించారు. ఆటగాళ్ళు ఆమెను తిట్టుకుంటూ కూర్చోలేదు. ఆమె మీద పోటీచేస్తున్న రాఫేల్ వార్నాక్‌తో ముందు మాట్లాడారు, ఆయన ఆలోచనలేమిటో అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాతే ఆగస్టులో "వార్నాక్‌కు ఓటేయండి" అన్న టీషర్టులు వేసుకున్నారు. అప్పటికి ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. 2021 జనవరి రన్‌ఆఫ్‌లో, అంటే మలి విడత పోలింగ్‌లో, ఆయన గెలిచారు, ఫిబ్రవరిలో టీమ్ చేతులు మారింది, కొత్త యజమానుల్లో ఆ టీములోనే ఆడిన రెనే మాంట్‌గోమరీ ఒకరు. గెలుపు టీషర్టుల వల్లే వచ్చిందని నేను అనను. కానీ ఒక టీమ్ కలిసి కూర్చుని, చదివి, అందరూ ఒప్పుకుని ఒక మాట అంటే దానికి ఉండే బలం, ఒకరు టోపీ పెట్టుకుని అందరి ముందుకు వస్తే ఉండదు.

ఇప్పుడు మీ అబ్బాయి హీరో దగ్గరికి వద్దాం. నిక్ బోసా మన ఒహాయో స్టేట్ నుంచే ఎదిగాడు కాబట్టి కొలంబస్ పిల్లలకు ఆయనంటే ప్రత్యేకమైన ఇష్టం. 2024 అక్టోబర్ 27న మ్యాచ్ గెలిచాక, తోటి ఆటగాళ్ళు టీవీకి ఇంటర్వ్యూ ఇస్తుంటే మధ్యలోకి వచ్చి తన ట్రంప్ టోపీని చూపించి వెళ్ళాడు. మైదానంలో సొంత సందేశాలు ప్రదర్శించకూడదన్న నియమం కింద ఫుట్‌బాల్ లీగ్ 11,255 డాలర్ల జరిమానా వేసింది. ఆయన అభిప్రాయానికి ఎవరూ జరిమానా వేయలేదని గమనించండి. వేసింది చోటుకు. అదే మాట తన ఇంటి ముందు బోర్డు పెట్టి చెప్పుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. నన్నడిగితే, ఆ ఇంటర్వ్యూ ఇస్తున్న సహచరులది కూడా ఆ క్షణం. వాళ్ళను అడగకుండా అందులోకి తన ఎన్నికను తెచ్చాడు.

చోటు నియమం పెట్టుకున్నా ఒక్కోసారి మనుషులు నలిగిపోతారు. అదే లీగులో ఆడే పిట్స్‌బర్గ్ స్టీలర్స్ టీము కథ తెలుసుకోండి. 2017 సెప్టెంబర్‌లో, జాతీయ గీతం సమయంలో మోకరిల్లే ఆటగాళ్ళను టీముల నుంచి తీసేయాలని ట్రంప్ ఒక సభలో అన్నారు. నల్లజాతీయుల మీద వివక్షకు, పోలీసు హింసకు వ్యతిరేకంగా ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ 2016లో మొదలుపెట్టిన నిరసన అది. ఆ మాటతో లీగ్ అంతా అట్టుడికింది. 24వ తేదీ చికాగోలో ఆడాల్సిన స్టీలర్స్, ఎవరినీ ఈ పక్కా ఆ పక్కా నిలబడమని బలవంతపెట్టకూడదని, గీతం అయ్యేదాకా అందరూ లోపలే ఉందామని నిర్ణయించుకున్నారు. వాళ్ళలో అలెహాండ్రో విల్యనువేవా అఫ్గానిస్తాన్‌లో పోరాడిన మాజీ సైనికుడు. జెండా కనబడేలా నాలుగడుగులు ముందుకు వచ్చి నిలబడ్డాడు. కెమెరాలో ఆయనొక్కడే కనిపించాడు. రాత్రికి రాత్రి ఆయన జెర్సీలు ఎగబడి కొన్నారు. మర్నాడు ఆయన, తన వల్ల సహచరులు చెడ్డగా కనబడ్డారని బాధపడి క్షమాపణ చెప్పాడు. జెండా మీద గౌరవం తగ్గలేదు, జట్టు మీద ప్రేమా తగ్గలేదు. బయటివాళ్ళే ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నారు. మీ టీములో కూడా మౌనంగా ఉన్నవాళ్ళ పరిస్థితి ఇదే. రెండు వైపుల వాళ్ళూ "నువ్వు ఎటు?" అని వాళ్ళను పీడించడం ముందు ఆపించండి.

కలిసి ఉన్నవాళ్ళూ ఉన్నారు. 2024 సీజన్‌లో కాన్సాస్ సిటీ ఫుట్‌బాల్ టీమ్ చుట్టూ ఎంత హడావుడి జరిగిందో గుర్తుందా? క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ భార్య బ్రిటనీ ట్రంప్ పోస్టును లైక్ చేశారని దుమారం. అదే టీము ఆటగాడు ట్రావిస్ కెల్సీ స్నేహితురాలు, గాయని టేలర్ స్విఫ్ట్ సెప్టెంబర్ 10న హారిస్‌ను సమర్థించారు. ఆ టీము కిక్కర్ హారిసన్ బట్కర్ అంతకుముందే మహిళల గురించి చేసిన ప్రసంగంతో వివాదంలో ఉన్నాడు. మహోమ్స్ తాను ఎవరినీ సమర్థించనని, జనాన్ని ఓటరుగా నమోదు చేసుకోమని మాత్రమే చెబుతానని అన్నాడు. బట్కర్ గురించి అడిగితే, అన్నిటితో ఏకీభవించను, కానీ మనిషిగా అతను నాకు తెలుసు అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆ టీమ్ ఆ సీజన్‌లో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్ళింది.

మీ టీముకు నేను సూచించేది. సీజన్ మొదలయ్యేలోపు అందరినీ ఒకసారి కలపండి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అయినా సరే. టీమ్ గ్రూపులో మ్యాచ్ టైమింగులు, గ్రౌండ్, కిట్, ఫీజులు మాత్రమే అని ఒప్పుకోండి. రాజకీయం మాట్లాడాలనుకునేవాళ్ళు వేరే గ్రూపు పెట్టుకోనివ్వండి, అందులో చేరడం ఎవరి ఇష్టం వాళ్ళది. గ్రౌండులో టోపీలు, టీషర్టులు రెండు పార్టీలవీ వద్దు. ఈ నియమాన్ని కెప్టెన్ ముందు తన వర్గం వాళ్ళ మీద అమలు చేయాలి, లేకపోతే రెండో వారానికే ఎవరూ లెక్కచేయరు.

ఒక్క మినహాయింపు. ఎవరైనా సాటి ఆటగాడి మతాన్నో, కులాన్నో, వీసాను పట్టుకునో కించపరిస్తే దాన్ని రాజకీయ అభిప్రాయం అని వదిలేయకండి. ఇమిగ్రేషన్‌కు ఫోన్ చేస్తానని సరదాకైనా బెదిరించినవాణ్ణి మేం ఆ రోజే పంపేశాం. అది ఏ పార్టీ అన్నది మాకు అనవసరం.

గొడవల వేడిలో మనవాళ్ళు మర్చిపోయే కొన్ని విషయాలు కూడా చెప్పాలి. ఓటు రహస్యమే గానీ, మీరిచ్చే విరాళం రహస్యం కాదు. ఒక అభ్యర్థికి ఇచ్చింది 200 డాలర్లు దాటితే పేరు, ఊరు, ఉద్యోగంతో సహా ఫెడరల్ ఎన్నికల కమిషన్ సైటులో ఎవరైనా చూడవచ్చు. స్నేహితుల పేర్లు అక్కడ వెతికి స్క్రీన్‌షాట్లు పంచేవాళ్ళను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. గ్రీన్ కార్డ్ లేనివాళ్ళు, అంటే హెచ్-1బీ, విద్యార్థి వీసాల వాళ్ళు, ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు గురించి అడిగితే సిటిజన్ కానివాళ్ళు స్పష్టంగా వద్దనాలి. పొరపాటున టిక్ పెట్టినా గ్రీన్ కార్డ్ దాకా వెంటాడుతుంది. ఇంకొకటి, మాట్లాడే స్వేచ్ఛ ప్రభుత్వం నుంచి రక్షణ ఇస్తుంది, ప్రైవేటు కంపెనీ నుంచి కాదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలకు వేరే చట్టరక్షణ ఉంది. అన్ని చోట్లా ఉందనుకుని ఆఫీసు గ్రూపుల్లో రాయకండి.

మీ అబ్బాయితో వాదించకండి. జెర్సీ వేసుకోవడం, తీసేయడం వాడి ఇష్టం. బోసా ఆట నచ్చుతుందా, ఆయన మాట నచ్చలేదా అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి, వాడే చెబుతాడు. 2025 జనవరి 20న మధ్యాహ్నం ట్రంప్ ప్రమాణ స్వీకారం చేశారు, రాత్రి ఒహాయో స్టేట్ 34-23తో నోటర్ డామ్‌ను ఓడించి కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ గెలిచింది. పగలంతా ఏడ్చినవాళ్ళూ నవ్వినవాళ్ళూ రాత్రి ఒకే టీము కోసం అరిచారని వాడికి గుర్తుచేయండి, చూసే ఉంటాడు.

మీ స్నేహితుడికి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఇంటికి వెళ్ళండి. ఎన్నికల ఊసు మీరుగా తేవద్దు. "ఆ వారం నీకు ఏం తగిలిందో నాకు తెలియదు, చెప్తే వింటాను" అనండి. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో సమర్థించుకోకండి, ఒక్కమాట కూడా. ఆయనకు వీసా, ఉద్యోగం, పిల్లల విషయాల్లో ఏదైనా ఇబ్బంది ఉంటే ముందు దానికి ఏం సాయం చేయగలరో చూడండి. అప్పటికీ దూరంగానే ఉంటానంటే ఆయన నిర్ణయాన్ని గౌరవించి, ఏప్రిల్‌లో ప్రాక్టీస్ మొదలయ్యే తేదీ మాత్రం చెప్పి రండి.